పాత స్పోర్ట్స్ కారు: ధర, కాగితం, చరిత్ర

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్ అనగానే చార్టర్డ్ అకౌంటెన్సీ చదివేవారికి కోచింగ్ సెంటర్లు గుర్తుకు వస్తాయి. ఐటీవో దగ్గర యమున దాటి వికాస్ మార్గ్ పట్టుకుంటే కొద్ది దూరంలోనే ఆ బోర్డులు మొదలవుతాయి. 2010 జనవరిలో మెట్రో రైలు వచ్చాక అక్కడికి చేరడం సులభమైంది. కానీ మెయిన్ రోడ్డు వదిలి లోపలి గల్లీల్లోకి నడిచి చూడండి. మేడల మధ్య దారి సన్నం, ఆ సన్నని దారికి ఇరుపక్కలా కార్లు. కొన్నిటి మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. కొన్ని కొత్తవి. ఎక్కువ భాగం చేతులు మారినవే.

ఆ గల్లీలో అద్దె గదిలో ఉండే ఒక తెలుగు యువకుణ్ణి ఊహించుకుందాం. ఏ గుంటూరు నుంచో, నల్లగొండ నుంచో వెళ్లాడు. చదువు ముగిసింది, మొదటి ఉద్యోగం దొరికింది, చేతిలో కొంత డబ్బు ఉంది. బాగా పరుగెత్తే కారు ఒకటి కొనాలని చిన్నప్పటి నుంచి కోరిక. కొత్త స్పోర్ట్స్ కారు అతని లెక్కలో లేదు. పదేళ్లు దాటిన చురుకైన కారు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. అదే కారు, అదే సంవత్సరం మోడలు, విజయవాడలో అడిగితే ధర ఎక్కువ చెబుతున్నారు, ఢిల్లీలో తక్కువ. ఎందుకు?

ఇంజను ఒకటే, రంగు ఒకటే. తేడా అంతా కాగితాల్లో ఉంది. ఆ కాగితాల వెనుక డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ ప్రసంగంలో మనం దానినే చూడబోతున్నాం.

ముందు మాట అర్థం చూద్దాం. స్పోర్ట్స్ కారు అంటే రేసు కారు కాదు. రోడ్డు మీద నడపడానికే తయారై, మనుషుల్నీ సామాన్లనీ మోయడం కంటే నడిపే ఆనందానికి ప్రాధాన్యం ఇచ్చే తేలికైన కారు. ఇది ధనవంతుల వస్తువుగానే పుట్టింది. దాన్ని సామాన్యుడి దగ్గరకు తెచ్చిన ఘనత బ్రిటన్‌లోని ఎంజీ కంపెనీకి చెందుతుంది. 1929లో అమ్మకానికి వచ్చిన ఎంజీ మిడ్జెట్, మోరిస్ మైనర్ అనే మామూలు చిన్న కారు భాగాల మీద కట్టిన రెండు సీట్ల బండి. కొత్త ఇంజను కనిపెట్టలేదు, కొత్త గేర్‌బాక్స్ కనిపెట్టలేదు. ఉన్న చవక భాగాలకు తేలికైన శరీరం తొడిగారు, అంతే. ఈ కిటుకు గుర్తుంచుకోండి. చవక స్పోర్ట్స్ కారు చరిత్ర అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా ఇలాంటిదే. అది హెరాల్డ్ అనే కుటుంబ కారు చాసీని కుదించి చేసినది. 1989లో జపాన్ నుంచి వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 ఈ సంప్రదాయాన్ని మళ్లీ బతికించి, 2016 నాటికి పది లక్షల సంఖ్య దాటింది. అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఒక కాలేజీ విద్యార్థి పాత ఎంఎక్స్-5 కొనుక్కుని వారాంతంలో తనే రిపేరు చేసుకోవడం వింత విషయం కాదు.

మన దేశంలో అది ఎందుకు వింత అయింది?

దీనికి సమాధానం వెతికే ముందు కోయంబత్తూరు వెళ్లాలి. అక్కడి తెలుగువారి కుటుంబాల్లో పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అంటే లోకం ఎరిగిన జి.డి. నాయుడు, 1893లో కలంగల్ గ్రామంలో జన్మించారు. బడి చదువు మీద ఆయనకు ఆసక్తి లేదు. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద రావడం చూశారు. ఎద్దుబండి తప్ప మరో వాహనం తెలియని ఊళ్లో ఆ చప్పుడు, ఆ వేగం! దాన్ని సొంతం చేసుకోవాలనే పట్టుదలతో కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా పనిచేసి, జీతం కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండి కొన్నారు. కొన్నాక మొట్టమొదట చేసిన పని దాన్ని పూర్తిగా విప్పేసి, ప్రతి భాగం ఎందుకుందో చూసి, మళ్లీ బిగించడం.

ఆ మోటారు సైకిలు ఇప్పుడు ఐతిహ్యంలా చెబుతారు గానీ, చరిత్ర విద్యార్థి అందులో చూడవలసింది వేరు. ఆయన కొన్నది సెకండ్ హ్యాండ్ బండి. అప్పట్లో ఒక పేదవాడికి యంత్రం దొరికే దారి అదొక్కటే. పైవాడు వాడి వదిలిన దాన్ని కింది వాడు కొని, విప్పి, నేర్చుకోవాలి. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన నాయుడు, తర్వాత యూఎంఎస్ పేరుతో దక్షిణాదిలో పేరుమోసిన బస్సు సంస్థను నిలబెట్టారు. 1974లో మరణించారు. కోయంబత్తూరులో ఆయన కుటుంబ సంస్థ 2015లో తెరిచిన కార్ల మ్యూజియం నేటికీ విద్యార్థులు చూడదగినది.

ఇక స్వాతంత్ర్యం తర్వాత కథకు వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ 1942లో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1948లో ఏర్పడ్డాయి. అప్పటిదాకా విదేశీ విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే పద్ధతి ఉండేది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. దేశంలోనే తయారీ చేపట్టే కార్యక్రమం ఉన్నవారికే ఇక చోటు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు తమ బిగింపు షెడ్లు మూసుకుని వెళ్లిపోయాయి. ప్రణాళికల దృష్టిలో కారు విలాస వస్తువు. ఉక్కు, విదేశీ మారకం లారీలకూ ట్రాక్టర్లకూ కావాలి. ఈ వాదనలో న్యాయం లేకపోలేదు. ఆకలితో ఉన్న దేశంలో డాలర్లు పెట్టి స్పోర్ట్స్ కార్లు తెప్పించాలని ఎవరూ అడగలేరు.

కానీ ఫలితం ఏమైందో చూడండి. కార్ల ఉత్పత్తికి లైసెన్సు పరిమితి, ధరకు ప్రభుత్వ నియంత్రణ. ఫియట్ కారు కోసం డబ్బు కట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూడాలి. వంతు వచ్చి కారు చేతికందినవాడు దాన్ని వెంటనే అమ్మితే, కొన్నదానికంటే ఎక్కువ ధర వచ్చేది. వాడిన వస్తువు కొత్త వస్తువు కంటే ఖరీదు! అర్థశాస్త్రం పాఠంలో కృత్రిమ కొరత అనే మాట వస్తే ఈ ఉదాహరణ జ్ఞాపకం పెట్టుకోండి. ప్రభుత్వం 1969లో నిర్ణయించిన కార్ల ధరల మీద కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి, 1971లో తీర్పు వచ్చింది. ఒక కారు న్యాయమైన ధర ఎంత అనే ప్రశ్న దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందుకు రావడం, నాకు తెలిసి, ఏ ఎంజీ మిడ్జెట్ కొనుగోలుదారుడూ ఊహించి ఉండడు.

ఈ కాలంలో విదేశీ స్పోర్ట్స్ కార్లు అసలు లేవా? ఉన్నాయి, ముఖ్యంగా ఢిల్లీలో. రాయబార కార్యాలయాల ఉద్యోగులు తమతో తెచ్చుకున్న కార్లను వెళ్లేటప్పుడు తమ ఇష్టం వచ్చినవారికి అమ్మే వీలుండేది కాదు. ప్రభుత్వ రంగంలోని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వాటిని కొని, టెండర్ల ద్వారా అమ్మేది. సినిమా తారలు, హోటళ్లవారు, పెద్ద వ్యాపారులు ఆ కార్ల కోసం పోటీపడేవారు. ఒక విదేశీ గుమస్తా మూడేళ్లు నడిపి వదిలిన మామూలు కారు ఇక్కడ రాజభోగం. సెకండ్ హ్యాండ్ అంటే చవక అనే సమీకరణం తలకిందులైన కాలం అది.

అయినా మనవారు ఊరుకోలేదు. ఇక్కడ మద్రాసు కథ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చవక స్పోర్ట్స్ కారుకు మన దేశంలో అతి దగ్గరగా వచ్చిన వస్తువు అక్కడే పుట్టింది. స్టాండర్డ్ కంపెనీ వండలూరు ఫ్యాక్టరీలో 1961 నుంచి హెరాల్డ్ కారు తయారైంది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే ఇది. ఇటలీలోని ట్యూరిన్‌కు చెందిన మిషెలొట్టి గీసిన రూపం. ముందు భాగం మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి, పెట్టె మూతలా ముందుకు తెరుచుకుంటుంది. మెకానిక్కు ఇంజను పక్కన కూర్చుని పని చేసుకోవచ్చు. చాసీ వేరుగా, శరీరం వేరుగా ఉండటంతో పైభాగం తీసేసినా కింద బలం తగ్గదు. అందుకే చాలామంది హెరాల్డ్ పైకప్పు కోసి, గుడ్డ టాప్ పెట్టి ఓపెన్ కారు చేసుకున్నారు. ఇందాక చెప్పిన స్పిట్‌ఫైర్ ఈ చాసీ నుంచి వచ్చిందే. అంటే, అప్పటి కుర్రవాడు ఒక పాత హెరాల్డ్ కొంటే, తెలిసో తెలియకో సగం స్పోర్ట్స్ కారు కొన్నట్టే.

మిగతా సగం సంగతి కూడా చెప్పాలి. హెరాల్డ్ వెనుక చక్రాలు స్వింగ్ యాక్సిల్ పద్ధతిలో వేలాడతాయి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే, వెనుక భాగం పైకి లేచి చక్రం లోపలికి ముడుచుకుని బండి తిరగబడే ప్రమాదం ఉంది. చవక వేగానికి ఎక్కడో ఒకచోట మూల్యం దాగి ఉంటుంది, కారు కొనే ముందు అది ఎక్కడుందో కనిపెట్టాలి. 1972లో హెరాల్డ్ స్థానంలో గజెల్ వచ్చింది. కంపెనీ 1980ల చివర కార్ల తయారీ ఆపేసింది.

ఆ హెరాల్డ్‌లు, ఫియట్లు, అంబాసిడర్లు తమ బలం చూపించుకున్న చోటు షోళవరం. మద్రాసు నుంచి కోల్‌కతా వైపు, అంటే మన నెల్లూరు వైపు వచ్చే రోడ్డు మీద, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏటా పందాలు నడిపింది. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం బస్సుల్లో వచ్చి ఎండలో నిలబడి చూసేవారు. షెడ్లలో ఇంజన్లు బోరు చేసి, బరువు తగ్గించడానికి సీట్లు పీకి, కుటుంబ కార్లను పందెపు కార్లుగా మార్చేవారు. 1990లో క్లబ్ సొంత ట్రాక్ ఇరుంగాట్టుకోట్టైలో తయారయ్యే వరకు షోళవరమే కేంద్రం.

అక్కడికి వచ్చినవారిలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ ఒకరు. లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడి కుటుంబంవాడు. పేరున్న మిల్లుల కుటుంబం కనుక డబ్బుకు లోటు లేదు, కావాలంటే విదేశీ పందెపు కారు తెప్పించుకోవచ్చు. కానీ తెప్పించుకున్న కారుతో తానొక్కడే నడపగలడు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళం చెవులు హర్‌పాల్ సింగ్ అనే ఢిల్లీ ఉద్యోగికి అందించారు. గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ చిన్న కారులో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. నలభై హార్స్ పవర్ కూడా పూర్తిగా లేదు. దాన్ని చూసి రేసింగ్ అనుకోవడం చాలామందికి నవ్వు తెప్పించి ఉంటుంది. కరివర్ధన్‌కు మాత్రం అందులో దొరికే సామాను కనిపించింది. ప్రతి జిల్లాలో దొరికే ఇంజను, ప్రతి మెకానిక్కుకూ తెలిసిన ఇంజను. 1980ల చివర ఆ ఇంజనుతో ఒంటి సీటు పందెపు కారు తయారు చేసి, ఫార్ములా మారుతి అనే తరగతికి ప్రాణం పోశారు. అందరికీ ఒకే రకం కారు, కనుక గెలుపు డబ్బు మీద కాక నడపడం మీద ఆధారపడుతుంది.

1929 నాటి ఎంజీ కిటుకే ఇది. అరవై ఏళ్ల తర్వాత, కోయంబత్తూరులో.

కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. ఫార్ములా మారుతిలో తొలి అడుగులు వేసిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. ఆ మెట్ల వరుస అడుగున ఉన్నది గుర్గావ్‌లో తయారైన ఒక చవక ఇంజను.

ఇప్పుడు 1991 తర్వాతి కాలానికి త్వరగా వద్దాం. ఆర్థిక సంస్కరణలతో కొత్త కంపెనీలు వచ్చాయి. 1990ల చివర గోవాలో శాన్ స్టార్మ్ అనే రెండు తలుపుల ఓపెన్ కారు తయారైంది, ఫైబర్‌గ్లాస్ శరీరం, రెనో వారి 1149 సీసీ ఇంజను. చూడ్డానికి స్పోర్ట్స్ కారు, బలం మాత్రం చిన్న కుటుంబ కారుది. పెద్దగా అమ్ముడుపోలేదు. నిజమైన మార్పు మరోవైపు నుంచి వచ్చింది. నాలుగు తలుపులుండి, ఇంట్లోవారు ఒప్పుకునేలా కనిపిస్తూ, లోపల ఇంజను మాత్రం గట్టిగా ఉన్న కార్లు. 2000లో గ్రేటర్ నోయిడా నుంచి వచ్చిన హోండా సిటీ వీటెక్, 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, తర్వాత స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, ఇంకా తర్వాత 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, 2015లో 145 హార్స్ పవర్ అబార్త్ పుంటో. మన దేశంలో సామాన్యుడి స్పోర్ట్స్ కారు ఇదే. తల్లిదండ్రులకు కుటుంబ కారు, కొడుక్కు మరొకటి.

జపాన్ నుంచి పాత ఎంఎక్స్-5 తెప్పించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. న్యూజిలాండ్‌కు 1980ల చివరి నుంచి పాత జపాన్ కార్లు ఓడల్లో గుంపులుగా వెళ్లాయి. కెన్యాలోనూ అంతే. అక్కడి కుర్రవాళ్లకు జపాన్‌లో ఎవరో వాడి వదిలిన స్పోర్ట్స్ కారు చవకగా దొరికింది. భారత్ 2001లో దిగుమతి పరిమితులు ఎత్తివేస్తూనే పాత కార్లకు గట్టి కంచె కట్టింది. మూడేళ్లకు మించిన కారు రాకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి, ముంబయి రేవు గుండానే రావాలి, పరీక్షలు జరగాలి, వీటన్నిటి పైన కారు ధరనే మించిపోయే సుంకాలు. దేశీయ ఫ్యాక్టరీలనూ ఉద్యోగాలనూ కాపాడాలనే ఉద్దేశం. ప్రపంచపు పాత కార్ల పారవేత స్థలంగా మన దేశం మారకూడదనే ఉద్దేశం కూడా. దాని మంచిచెడ్డలు మీరు తరగతిలో చర్చించుకోండి. నా అభిప్రాయం అడిగితే, ఆ కంచె మొత్తం మీద మంచిదే. కానీ జి.డి. నాయుడి వంటి కుర్రవాడికి నేడు దొరికే యంత్రాల రకాలు దానివల్ల తగ్గాయన్నది కూడా నిజం.

అంటే మన యువకుడు కొనగలిగేది ఇక్కడే తయారై లేదా ఇక్కడే బిగించి, ఇక్కడే చేతులు మారిన కారు. ఇక లక్ష్మీనగర్‌కు తిరిగి వద్దాం.

ఢిల్లీ గాలి గురించి ఎం.సి. మెహతా అనే న్యాయవాది 1985లో వేసిన వ్యాజ్యం దశాబ్దాలపాటు సాగింది. 1999లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతంలో రిజిస్టరయ్యే కొత్త ప్రైవేటు కార్లకు యూరో ప్రమాణాలు గడువుతో సహా తప్పనిసరి చేసింది. తర్వాత బస్సులు సీఎన్‌జీకి మారాయి. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 ఢిల్లీతో పాటు హైదరాబాద్ వంటి నగరాల్లో అమలైంది. ఇవన్నీ కొత్త బండ్లకు. పాత బండ్ల మీద దెబ్బ 2014 నవంబరులో పడింది. పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలకు రాజధాని ప్రాంతమంతా నిషేధం. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. 2022 జనవరి నాటికి ఢిల్లీ రవాణా శాఖ పదేళ్లు దాటిన లక్షకు పైగా డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. 2025 జూలై 1న పెట్రోలు బంకుల్లో అలాంటి బండ్లకు ఇంధనం పోయరాదన్న నియమం మొదలై, జనం గగ్గోలుతో కొద్ది రోజుల్లోనే ఆగింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కదాన్ని చూసి యజమానుల మీద చర్య తీసుకోవద్దని చెప్పి, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది.

ఇక్కడ పాత కాలపు దృశ్యం అద్దంలో తిరగబడినట్టు కనిపిస్తుంది. 1970లో ప్రభుత్వ కాగితం కొరత సృష్టించి పాత కారు ధర పెంచింది. 2018 తర్వాత కోర్టు కాగితం ఆయుష్షు తగ్గించి పాత కారు ధర దించింది. రెండుసార్లూ ఇంజనుకు సంబంధం లేదు. పదమూడేళ్ల పెట్రోలు కారుకు ఢిల్లీలో భరోసాగా చెప్పగల ఆయుష్షు రెండేళ్లు. అదే కారుకు కర్నూలులో పదిహేనేళ్ల తర్వాత పరీక్ష చేయించి అయిదేళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగించుకునే అవకాశం మోటారు వాహనాల చట్టం ఇస్తుంది. అందుకే కరోల్‌బాగ్‌లో పాత కార్ల వ్యాపారులు ఇతర రాష్ట్రాల కొనుగోలుదారుల కోసం చూస్తుంటారు. ఢిల్లీ వద్దన్న పొగ మన ఊరికి వస్తుందన్నమాట, ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగడం లేదు.

మన యువకుడు కారు కొని ఇంటికి తేవాలనుకుంటే ఏం చేయాలి? 1988 చట్టం ప్రకారం ఢిల్లీ ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్ఓసీ తీసుకోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు నుంచి కూడా. మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నుకు లెక్క కొన్న ధర కాదు. కారు కొత్తదిగా ఉన్నప్పటి ధర మీద వయసును బట్టి తగ్గింపు ఇచ్చి లెక్కిస్తారు. ఒకప్పుడు ఖరీదైన కారు అయితే, నేడు ఎంత చవకగా దొరికినా ఆ పాత ఖరీదు పన్ను రూపంలో వెంటాడుతుంది. ఢిల్లీలో మిగిలిన కాలానికి పన్ను తిరిగి అడగడానికి వీలుంది గానీ, దానికి తిరగాల్సిన తిరుగుడు వేరు.

నడిపే ఖర్చు కూడా ఇలాంటిదే. కారు ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చెడిపోతే బాగుచేయించే ఖర్చు కొన్న ధరలో పెద్ద వాటా కావచ్చు. టైమింగ్ బెల్ట్ గడువు దాటి తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. టర్బో ఉన్న కారుకు నూనె సకాలంలో మార్చకపోతే టర్బో పోతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైనదని అర్థం. పైన గీతలు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదై ఉండవచ్చు. మీటరు వెనక్కి తిప్పడం పాత విద్య, కనుక మీటరును కాక పెడళ్ల రబ్బరును, స్టీరింగు తోలును, సర్వీసు రికార్డును చూడాలి. బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ నాటి రేట్లలో 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న కారుకు 3416 రూపాయలైతే, అది దాటితే 7897. విడిభాగాలకు ఢిల్లీలో కశ్మీరీ గేట్ ఉంది, పాత బండ్ల సామానుకు మాయాపురి ఉంది. మన విజయవాడలో 1960లలో వెలసిన జవహర్ ఆటోనగర్ ఉంది. అక్కడి పనివారి చేతికి లారీ తెలుసు, అంబాసిడర్ తెలుసు. కంప్యూటరు పెట్టి మాట్లాడించవలసిన ఇంజను మరో విద్య. కారు ఎంచుకునే ముందు దాన్ని విప్పగల మనిషి మన ఊళ్లో ఉన్నాడా అని వాకబు చేయడం జి.డి. నాయుడి కాలం నుంచి నేటి దాకా మారని పని.

వేగం ఎక్కడ చూపించుకోవాలి? 2011లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తెరుచుకుంది. 5.125 కిలోమీటర్ల ట్రాక్ మీద మూడేళ్లు ఫార్ములా వన్ జరిగి ఆగిపోయింది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది, మరుసటి ఏడాది జరగలేదు. సామాన్యుడికి మిగిలింది మళ్లీ దక్షిణాది ట్రాకులే. వికాస్ మార్గ్ రాత్రి పదకొండు గంటలకు ఖాళీగా కనిపించినా అది ట్రాక్ కాదు. మెట్రో దిగి రోడ్డు దాటే మనిషి మీలాంటి విద్యార్థే.

చివరగా ఒక తీర్పు గురించి చెప్పి ముగిస్తాను. పాత కారు అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ దీన్ని చదవాలి. ఒకాయన 2007లో తన కారు అమ్మేశాడు. డబ్బు తీసుకున్నాడు, బండి ఇచ్చేశాడు. కొన్నవాడు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి అమ్మారు. ఎవరూ ఆర్సీలో పేరు మార్పించలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒక బాలుడు చనిపోయాడు. నష్టపరిహారం ఎవరు కట్టాలి? స్టీరింగు ముందు లేని, ఆ కారును ఏళ్ల తరబడి చూడని మొదటి యజమాని బాధ్యుడా? 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అవునన్నది. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో యజమాని అతనే. బాధితుడు చేతులు మారిన వరుసను వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. చట్టం ప్రకారం అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే పద్నాలుగు రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే నలభై అయిదు రోజుల్లో తెలియజేయాలి. కొన్నవాడికి ముప్పై రోజుల గడువు. లక్ష్మీనగర్ గల్లీలో దుమ్ము పట్టి ఆగిన ఆ కార్లలో ఎన్నిటి ఆర్సీలో ఇప్పటికీ పాత పేరే ఉందో, ఆ పేరున్న మనిషికి తెలిసి ఉండకపోవచ్చు.